శ్రమలో దేహం

పనిచేసే మనిషిని కొంచెం పరిశీలనగా చూస్తే అతని వృత్తి ఏమిటో చాలావరకు ఊహించవచ్చు. గుంటమగ్గం మీద ఏళ్ల తరబడి నేసిన నేతకారుని మెడ ముందుకు వాలి ఉంటుంది. మూటలు మోసిన హమాలీ భుజం కాయ కాస్తుంది. పొద్దుటినుంచి బురదనేలలో నాట్లు వేసిన స్త్రీ సాయంత్రం గట్టు ఎక్కి, నడుముమీద చేయి ఆన్చి, మెల్లమెల్లగా నిటారవుతుంది. వృత్తి మనిషికి అన్నం పెడుతుంది. దానితోపాటు అతని దేహం మీద తన గుర్తును కూడా వేస్తుంది.

ఎండలో నడుము వంచి బతికిన తల్లిదండ్రులు తమ బిడ్డలకు 'నీడపట్టున కూర్చొని చేసే ఉద్యోగం' రావాలని కోరుకున్నారు. తెలుగునాట రెండు మూడు తరాల చదువుల వెనుక ఉన్న కోరిక ఇదే. ఆ కోరిక ఎంతోమందికి నెరవేరింది కూడా. హైదరాబాదులోని మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలోని ఎత్తైన భవనాలలో వేలాదిమంది యువతీయువకులు చల్లని గదులలో కంప్యూటర్ల ముందు కూర్చొని పనిచేస్తున్నారు. అయితే నీడపట్టు ఉద్యోగం దేహానికి శ్రమ లేని ఉద్యోగం కాదని వారికి కొద్ది సంవత్సరాలకే తెలిసివస్తున్నది. మెడనొప్పి, నడుమునొప్పి, మణికట్టు తిమ్మిరి, కళ్లమంట వారి సంభాషణలలో నిత్యం వినవచ్చే మాటలయ్యాయి.

మరోవైపు, విదేశాలలో ఏడాదిపాటు పనిచేసుకుంటూ దేశం చూసిరావడానికి మన యువతకు కొత్తగా అవకాశాలు ఏర్పడుతున్నాయి. పండ్లతోటలలో కాయలు కోయడం, హోటళ్లలో వడ్డించడం, గదులు శుభ్రం చేయడం వంటి పనులు అక్కడ వారికి ఎదురవుతాయి. అంటే నీడపట్టుకు చేరిన కుటుంబాల బిడ్డలు తమ ఇష్టంతో మళ్లీ ఎండలోకి వెళ్తున్నారన్నమాట. బల్లముందు కూర్చునేవారికీ, తోటలో వంగేవారికీ ఒకే జ్ఞానం అవసరం. పనిలో దేహాన్ని కాపాడేది ఏదో ఒక మంచి భంగిమ కాదు. భంగిమను మార్చుకొనే స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ కొంత మనిషి అలవాటులో ఉంటుంది. చాలావరకు పనిని శాసించే నియమాలలో ఉంటుంది.

కూర్చొని చేసే పని వల్ల బాధలు కలుగుతాయన్న సంగతి కంప్యూటరుతో పుట్టినది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తుల వల్ల వచ్చే వ్యాధుల గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. గనికార్మికులు, కుమ్మరులు, చాకలివారు మొదలైన వారి బాధలను అందులో వివరించాడు. లేఖకుల విషయం కూడా ఆయన దృష్టిని దాటిపోలేదు. ఎడతెగకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరున కదుపుతూ ఉండడం, తప్పు రాకూడదని మనస్సును బిగబట్టుకోవడం – ఈ మూడే వారి వ్యాధులకు మూలమని ఆయన గుర్తించాడు. మూడు శతాబ్దాల నాటి ఆ మాటలు నేటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అక్షరాలా వర్తిస్తాయి. కలం పోయి కీబోర్డు వచ్చింది. కూర్చున్న మనిషి మాత్రం అలాగే ఉన్నాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ విషయం మీద మరింత వెలుగు ప్రసరించింది. లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చొని ఉండేవాడు. కండక్టరు రోజంతా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి వీరి ఆరోగ్యాన్ని పోల్చి చూశాడు. కండక్టర్ల కంటే డ్రైవర్లలో గుండెజబ్బులు ఎక్కువగా ఉన్నాయని వారు 1953లో ప్రకటించారు. డ్రైవర్ల నడుము చుట్టుకొలత మొదటినుంచీ ఎక్కువగా ఉండేదని, కనుక తేడా అంతటికీ కూర్చోవడమే కారణమని చెప్పలేమని మోరిస్ బృందమే తరువాత గమనించింది. అయినా దేహానికి కదలిక ఎంత అవసరమో శాస్త్రలోకం గుర్తించడానికి ఆ పరిశోధన దారి చూపింది. వయోజనులు వారానికి కనీసం 150 నుండి 300 నిమిషాలపాటు ఒక మోస్తరు శారీరక శ్రమ చేయాలని, కూర్చొని గడిపే కాలాన్ని తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

అయితే ఉద్యోగి ఎలా కూర్చోవాలి? దీనికి ఖరీదైన కుర్చీ అక్కరలేదు. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. అందకపోతే కింద చిన్న పీట వేసుకోవచ్చు. తొడలు నేలకు ఇంచుమించు సమాంతరంగా ఉండాలి. నడుము కిందిభాగానికి వెనుకనుంచి ఆనుడు ఉండాలి. కుర్చీకి అటువంటి ఏర్పాటు లేకపోతే చుట్టిన తువ్వాలు ఆ పని చేస్తుంది. భుజాలు బిగుసుకోకుండా వదులుగా, మోచేతులు దేహానికి దగ్గరగా ఉండాలి. తెర చేయి చాచినంత దూరంలో, దాని పైఅంచు కంటిమట్టానికి సమానంగా గాని కొంచెం దిగువగా గాని ఉండాలి. ల్యాప్‌టాప్‌లో తెర, మీటలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. తెరను కంటికి అందేలా పెడితే చేతులు బాధపడతాయి. మీటలను చేతికి అందేలా పెడితే మెడ వంగుతుంది. ఎక్కువసేపు పనిచేసేవారు దానికింద నాలుగు పుస్తకాలు పెట్టి ఎత్తుచేసి, విడిగా మరొక కీబోర్డు వాడుకోవడం మేలు. మనిషి తల దాదాపు ఐదు కిలోల బరువు ఉంటుంది. అది భుజాలకు నేరుగా పైన ఉన్నంతసేపు మెడకు భారం తెలియదు. సెల్‌ఫోను మీదికి వంగినకొద్దీ ఆ భారాన్ని మెడ కండరాలే లాగిపట్టుకోవలసి వస్తుంది.

ఈ సూచనలన్నీ పాటించి, శిల్పంవలె ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటే సుఖం కలుగుతుందా? కలగదు. దీనికి కారణం వెన్నెముక నిర్మాణంలోనే ఉన్నది. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్లలు ఉంటాయి. ఎదిగిన మనిషిలో ఈ బిళ్లల లోపలికి రక్తనాళాలు దాదాపుగా వెళ్లవు. అవి చుట్టూ ఉన్న భాగాలనుండి మెల్లగా ఊరివచ్చే పోషకాలమీద ఆధారపడతాయి. దేహం కదిలినప్పుడు బిళ్లలు నొక్కుకొని, మళ్లీ విడివడి, ద్రవాన్ని వదులుతూ పీల్చుకుంటూ ఉంటాయి. కండరాల సంగతీ అంతే. ఒకే తీరున బిగిసి ఉన్న కండరంలో రక్తప్రసరణ మందగిస్తుంది. కనుక ఎంత చక్కగా కూర్చున్నా, అదేపనిగా కూర్చోవడం దేహానికి హితం కాదు.

'నిటారుగా కూర్చో' అని పెద్దలు చిన్నప్పటినుంచి చెప్పే మాటను కూడా ఈ దృష్టితోనే అర్థం చేసుకోవాలి. 2006లో స్కాట్లాండులోని అబర్డీన్ నగరంలో కొందరు పరిశోధకులు కూర్చున్న మనుషుల వెన్నెముకలను అయస్కాంత ప్రతిబింబ యంత్రంతో పరీక్షించారు. 90 డిగ్రీలలో నిటారుగా కూర్చున్నప్పటి కంటే, వెనక్కు వాలి సుమారు 135 డిగ్రీల కోణంలో కూర్చున్నప్పుడు వెన్నుబిళ్లలమీద ఒత్తిడి తక్కువగా ఉన్నదని వారు చెప్పారు. అయినా అంతగా వాలి కూర్చొని రోజంతా టైపు చేయడం ఎవరికీ సాధ్యం కాదు. కాసేపు నిటారుగా, కాసేపు వెనక్కు వాలి, కాసేపు నిలబడి, కాసేపు నడిచి పనిచేసేవాడే నిజంగా సుఖంగా పనిచేసేవాడు. అరగంటకొకసారి లేచి మంచినీళ్లు తెచ్చుకోవడం, ఫోనులో మాట్లాడేటప్పుడు నిలబడడం, 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూసి కళ్లకు విశ్రాంతినివ్వడం – ఇవన్నీ ఎవరైనా చేయగల పనులే.

ఎవరైనా చేయగలిగినవే అయినా, అందరూ చేయనిచ్చే చోట్లలో పనిచేయరు. కుర్చీ వదిలి లేచిన ప్రతి నిమిషాన్నీ యంత్రం లెక్కగట్టే కార్యాలయాలు ఉన్నాయి. కాల్ సెంటరులో ఒక పిలుపుకూ మరొక పిలుపుకూ మధ్య ఊపిరి పీల్చుకొనే వ్యవధి కూడా ఇవ్వని యజమానులు ఉన్నారు. అటువంటి చోట 'సరిగ్గా కూర్చోవడం నేర్చుకో' అని ఉద్యోగికి ఉపదేశించడం వల్ల ప్రయోజనం లేదు. కార్మికుని భంగిమ చాలాసార్లు అతడు ఎంచుకున్నది కాదు, అతనిచేత చేయించేది.

దీనికి అమెరికాలోని కాలిఫోర్నియా పొలాల చరిత్ర మంచి నిదర్శనం. అక్కడ కూరగాయల తోటలలో కలుపు తీసే కూలీలకు పొట్టిపిడి పార ఇచ్చేవారు. ఆ పిడితో పనిచేయాలంటే రోజంతా నడుము వంచి ఉండక తప్పదు. పొడుగుపిడి పార లేక కాదు. పొట్టిపిడి అయితే పని నిక్కచ్చిగా జరుగుతుందని యజమానులు వాదించారు. దాని వెనుక మరొక సౌకర్యం కూడా ఉన్నది. ఎవరైనా నిటారుగా నిలబడితే పని ఆపినట్లు దూరంనుంచే మేస్త్రీకి కనిపిస్తుంది. ఏళ్ల తరబడి వంగిన కూలీల వెన్నులు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. కూలీల తరఫున న్యాయవాదులు పోరాడారు. వైద్యులు సాక్ష్యం చెప్పారు. చివరకు 1975లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పుతో పొట్టిపిడి పారకు కాలం చెల్లింది. పార పిడి పొడవు పెరగడానికి న్యాయస్థానం దాకా వెళ్లవలసి వచ్చిందంటే, దేహపు సుఖం ఎంతటి సామాజిక విషయమో గ్రహించవచ్చు.

మన దక్షిణాది రాష్ట్రాలలో దీనికి భిన్నంగా కనిపించే మరొక పోరాటం జరిగింది. కేరళలోని వస్త్రదుకాణాలలో పనిచేసే స్త్రీలు పది పన్నెండు గంటలు నిలబడే ఉండవలసి వచ్చేది. కొనేవారు లేనప్పుడు కూడా కూర్చోనిచ్చేవారు కాదు. కోళిక్కోడులో పి. విజి అనే దర్జీ నాయకత్వంలో 'పెణ్‌కూట్టు' అనే మహిళా సంఘం కూర్చొనే హక్కుకోసం ఉద్యమించింది. ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అటువంటి చట్టమే చేసింది. ఒకచోట నిటారుగా నిలబడే హక్కు, మరొకచోట కూర్చొనే హక్కు. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా తోచినా రెండింటి సారం ఒక్కటే. దేహం కోరినప్పుడు భంగిమ మార్చుకొనే స్వేచ్ఛ ఉండాలి.

ఈ స్వేచ్ఛను దృష్టిలో ఉంచుకొని విదేశాలలోని 'పనితో కూడిన సెలవు'ల విషయం పరిశీలించాలి. ఒక దేశపు యువత మరొక దేశంలో ఏడాదిపాటు విహరిస్తూ, ఖర్చులకోసం చిన్నచిన్న పనులు చేసుకొనే ఏర్పాటు ఇది. ఆస్ట్రేలియా 1975లో బ్రిటన్, ఐర్లండు, కెనడా దేశాల యువతతో దీనిని ప్రారంభించింది. ప్రస్తుతం నలభైకి పైగా దేశాలకు దీనిని విస్తరించింది. భారత, ఆస్ట్రేలియాల మధ్య 2022లో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో భాగంగా ఏటా 1,000 మంది భారతీయ యువతకు ఈ అవకాశం లభించింది. 18 నుండి 30 సంవత్సరాల లోపు వయస్సు, నిర్ణీతమైన విద్యార్హత, ఆంగ్లభాషా పరిజ్ఞానం ఉన్నవారు అర్హులు. దరఖాస్తుదారుల ఎంపిక 2024లో లాటరీ పద్ధతిలో మొదలైంది. ఇంచుమించు ఇటువంటిదే మరొక పథకాన్ని బ్రిటన్ 2023లో భారతీయ పట్టభద్రులకోసం ప్రారంభించింది. ఏటా 3,000 మందికి రెండేళ్లపాటు అక్కడ నివసించి పనిచేసే వీలు కల్పించింది.

ఇంజనీరింగు చదివి పండ్లు కోయడానికి విదేశం వెళ్లాలా అని చాలామంది పెద్దలు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. విమానపు ఖర్చులు, అక్కడి జీవనవ్యయం తక్కువేమీ కాదు. అప్పుచేసి వెళ్లినవాడికి అది సెలవు కాదు, బరువు. ఆ ఏడాది అనుభవానికి ఇక్కడి ఉద్యోగాల ఎంపికలో విలువ ఇస్తారన్న హామీ కూడా లేదు. అయితే ఆ ఆక్షేపణ వెనుక మరొక భావం దాగి ఉన్నది. చేతులతో చేసే పని చదువుకున్నవారికి తగదన్న భావం అది. దానిని అంగీకరించడం కష్టం. మన ఊళ్లలో వంగి నాట్లు వేసే స్త్రీని రోజూ చూస్తూనే, ఆమె నడుమునొప్పిని ఎన్నడూ ఊహించుకోని విద్యావంతులు ఎందరో ఉన్నారు. ఒక్క వారం తోటలో వంగి పనిచేసిన యువకుడు ఆ నొప్పిని పుస్తకం చదివి కాక, సొంత వెన్నుతో తెలుసుకుంటాడు. రేపు అతడే ఒక కార్యాలయానికి అధికారి అయితే, లేచి నాలుగడుగులు వేసిన ఉద్యోగిని సోమరి అనుకోడు. ఈ ఒక్క మార్పు కలిగినా ఆ ఏడాది వృథా అయినట్లు కాదు.

అందుకని ఈ అవకాశాన్ని కళ్లు మూసుకొని పొగడవలసిన పని లేదు. ఆస్ట్రేలియా పండ్లతోటలలో గంటకు ఇంత అని కాక, కోసిన కాయల లెక్కన కూలి ఇచ్చే పద్ధతి ఉన్నది. ఆ పద్ధతిలో నిటారుగా నిలబడి ఊపిరి పీల్చుకున్న ప్రతి క్షణం కూలిలో కోతగా మారుతుంది. అనుభవం లేని యువకులు రోజంతా వంగి కోసినా కనీస వేతనమైనా రాని సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. కాయల లెక్కన పనిచేసేవారికి కూడా గంటకు కనీస వేతనం తప్పనిసరిగా ఇవ్వాలని ఆ దేశపు వేతన నిర్ణయ సంస్థ 2021 నవంబరులో తీర్పు చెప్పింది. 2022 ఏప్రిల్ నుండి అది అమలులోకి వచ్చింది. కాలిఫోర్నియాలో పార పిడిని పొడవు చేసినట్లే, ఇది కూడా వంగిన నడుమును ఎత్తనిచ్చే నియమమే.

మరొక నిబంధన ఇంతకంటే సూక్ష్మమైనది. ఈ వీసా మీద వెళ్లినవారు సాధారణంగా ఒక యజమాని వద్ద ఆరునెలలకు మించి పనిచేయరాదు. ఇది యువకుడు ఒకేచోట చిక్కుకుపోకుండా కాపాడుతుంది. కాని రెండో ఏడాది ఉండాలంటే మారుమూల ప్రాంతాలలో మూడునెలలపాటు నిర్దిష్టమైన పనులు చేసి చూపాలి. ఆ మూడునెలల లెక్క పూర్తికావాలన్న ఆరాటంతో తక్కువ కూలికీ, ఇరుకు వసతికీ తలవంచినవారు ఉన్నారు. వెళ్లిపోయే స్వేచ్ఛ ఉన్నంతవరకు పని అనుభవమవుతుంది. అది లేనినాడు అదే పని వెట్టిగా మారుతుంది. గల్ఫ్ దేశాలకు వెళ్లి, పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి, బయటపడే దారిలేక కుమిలిన కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల వలసకార్మికుల వేదన తెలుగువారికి కొత్తది కాదు. సెలవుమీద వెళ్లే విద్యావంతుడికీ, పొట్టకూటికి వెళ్లే కార్మికుడికీ మధ్య ఉన్న అసలు తేడా చదువు కాదు. నచ్చకపోతే తిరిగివచ్చే వీలు.

కాబట్టి వెళ్లదలచినవారు కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి. ఎంపిక లాటరీ ద్వారా జరిగేటప్పుడు వీసా ఇప్పిస్తానని ఏ ఏజెంటూ హామీ ఇవ్వలేడు. ఇచ్చాడంటే అది మోసమే. ఆ దేశంలో గంటకు కనీస వేతనం ఎంతో, వేతనపు రసీదు అడిగే హక్కు ఉన్నదో లేదో, ఫిర్యాదు ఎక్కడ చేయాలో బయలుదేరకముందే చదివి ఉంచుకోవాలి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వరాదు. తిరుగుప్రయాణానికి కావలసిన సొమ్మును ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోరాదు. ఆ సొమ్మే వారి స్వేచ్ఛ. పనిలో దిగాక బరువును నడుముతో కాక మోకాళ్లు వంచి, కాళ్లబలంతో ఎత్తాలి. చేతులు మారుస్తూ కోయాలి. మొదటిరోజే అందరితో సమానంగా కోయాలన్న పంతం పెట్టుకోరాదు.

నేటి విద్యార్థులలో కొందరు బల్లముందు కూర్చుంటారు. కొందరు తోటలలో వంగుతారు. కొందరు దుకాణాలలో నిలబడతారు. మరికొందరు ఇతరులచేత పని చేయిస్తారు. ఈ నాలుగోవారి బాధ్యత అన్నిటికంటే పెద్దది. మనిషిని పనికి తగినట్లు వంచడం కాదు, పనిని మనిషికి తగినట్లు మలచడమే నాగరికత. పీట ఎత్తు, పార పిడి, విరామపు గంట, కూలి లెక్క – ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపిస్తాయి. మనిషి యాభయ్యో ఏట నిటారుగా నడుస్తాడో లేదో నిర్ణయించేవి ఇవే. బిడ్డలకు నీడపట్టు ఉద్యోగం కోరుకున్న తల్లిదండ్రుల ఆకాంక్షలో నిజమైన అర్థం కూడా ఇదే. వారు కోరినది నీడ ఒక్కటే కాదు. తాము పొందలేని విశ్రాంతిని, అలసినప్పుడు నడుమెత్తే హక్కును తమ బిడ్డలకు కోరారు. ఆ హక్కును తాము పొందడంతో ఆగక, ఇంకా ఎండలో వంగి ఉన్నవారికి కూడా దక్కేటట్లు చూసినప్పుడే చదువుకున్న యువత ఆ ఆకాంక్షకు న్యాయం చేసినట్లవుతుంది.